లేని కొంగున ముడి

దయ్యాలంటే నాకు భయం లేదు, కోపం. వాటి పేరు చెప్పి ఆడపిల్లల్ని చీకటిపడితే ఇల్లు కదలనివ్వనివాళ్ళతో కాలేజీ రోజుల నుంచీ పోట్లాడుతూనే ఉన్నాను. ఇప్పటికీ నమ్మను. కానీ ఈ ఒక్క సంగతి దగ్గర నా వాదన ఆగిపోతుంది.

ఎనభైల మొదట్లో మేము షార్జాలో ఉండేవాళ్ళం. రేవులో ఇసుక తోడే ఒక డచ్చి కంపెనీలో నేను టైపిస్టుని. అక్కడి ఇంజినీరు హెండ్రిక్‌కి ఒకటే పిచ్చి, తన వంశవృక్షం. ఎన్నో తరాల కిందట వాళ్ళ తాత ఒకాయన బట్టల వ్యాపారానికి మన తీరానికొచ్చి, ఇక్కడే పెళ్ళాడి, భార్యతో తిరిగి వెళ్ళాడట. ఆవిడకి బాప్తిస్మంలో పెట్టిన పేరు తప్ప ఇంకేమీ తెలియదు. వంశవృక్షంలో ఆవిడ పుట్టిల్లు ఖాళీ గడి.

మాది బందరు. డచ్చివాళ్ళ సమాధులు చూస్తూ పెరిగినదాన్ని. ఆవిడ మా ఊరి మనిషేనని నేను వాదించేదాన్ని. "సాక్ష్యం?" అనేవాడు. హాలండులో అతని అన్నదమ్ములేమో ఆవిడ తెల్లదొరసానేనని కొట్టిపారేసేవారు. పాత సంగతులు తెలిసింది ఒక్క తల్లికే. ఆవిడకి మతిమరుపు ముదురుతోంది. అంతా తుడిచిపెట్టుకుపోయేలోగా ఏదైనా రాబట్టాలని ఆవిడని షార్జా తెచ్చుకున్నాడు. అంతకుముందు ఆవిడ ఐరోపా దాటలేదు. డచ్చి తప్ప మరో భాష రాదు.

ఒక శుక్రవారం ఇద్దరినీ భోజనానికి పిలిచాను. మా పాప పొద్దుటినుంచీ ఒకటే ఏడుపు. జ్వరం లేదు, దెబ్బా లేదు. భోజనం మధ్యలో ముసలావిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. జాడీ మూత తీసి గుప్పెడు కల్లుప్పు పట్టుకొచ్చి పాప చుట్టూ తిప్పింది. అచ్చంగా దిష్టి.

గెలిచానన్నట్టు హెండ్రిక్ వైపు చూశాను. అతను కొయ్యబారిపోయాడు. "అమ్మ ఇలా చేయడం నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు.

ఆ తర్వాతది చూసి నేనూ కొయ్యబారాను. ఆవిడ వేసుకున్నది గౌను. ఎడమ భుజం మీదికి చెయ్యి పోనిచ్చి, అక్కడ లేని కొంగుని ముందుకు లాక్కుని, అందులో ఉప్పు పోసి ముడివేసింది. ఉప్పంతా నేలమీద రాలింది. ఆవిడకది పట్టలేదు. ఖాళీ పిడికిలి ఒళ్ళో పెట్టుకుని పాప పక్కన కూర్చుంది. పాప నిద్రపోయాక, సింకు దగ్గరికెళ్ళి ముడి విప్పి దులిపింది.

అది మా అమ్మమ్మ పద్ధతి. మా వాడలో అందరూ దిష్టి ఉప్పు పొయ్యిలో వేస్తారు. అమ్మమ్మ అలా వేసినప్పుడొకసారి నిప్పురవ్వ ఎగిరి చీర అంటుకుంది. అప్పటినుంచీ ఉప్పు కొంగున కట్టుకుని, బిడ్డ నిద్రపోయాక కాలవలో దులిపేది. ఆవిడ చేతిమీద ఆ కాలిన మచ్చ నేను చూశాను. ఇంకెవరూ అలా చేయగా చూడలేదు. దిష్టి నమ్మనిదాన్ని కనక నేనెప్పుడూ చేయలేదు, షార్జాలో ఎవరికీ చెప్పనూ లేదు.

వాళ్ళు వెళ్ళాక అమ్మమ్మ సంగతి చెబితే మావారు అందుకున్నారు. "ఖలాస్. ఇంకేం వాదిస్తావు? మీ అమ్మమ్మ ఆత్మ పూనింది."

"పూనాలంటే ముందు ఆవిడ పోవాలి కదండీ. బందర్లో నిక్షేపంలా ఉంది, కోడళ్ళని సాధిస్తూ."

మర్నాడు ఆఫీసులో హెండ్రిక్ పెన్సిలు పట్టుకుని వచ్చాడు. "మీరే గెలిచారు. ఆ గడిలో మీ ఊరు రాసేస్తున్నాను."

ఊఁ అంటే చాలు. అనలేకపోయాను. "వద్దు. ఇది మీ వంశంలోకి ఎప్పుడో వచ్చిన ఆచారం కాదు. మా అమ్మమ్మ కనిపెట్టింది. అప్పటికి మీవాళ్ళు మా ఊరొదిలి వందేళ్ళు దాటింది."

"మరి నిన్న చూసింది దేనికి సాక్ష్యం?"

సెలవుకి వెళ్ళినప్పుడు అమ్మమ్మనే అడిగాను, ఎవరికైనా నేర్పావా అని. "సొంత మనవరాలివి, నువ్వే నేర్చుకోలేదు. దొరసానికెవరు నేర్పుతారే" అంది.

ఆ ఏడాదిలోనే ముసలావిడ కొడుకుని కూడా మరిచిపోయింది. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. గడి ఖాళీగానే ఉంచి హెండ్రిక్ హాలండు వెళ్ళిపోయాడు. వెళ్తూ మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు, "ఆ రోజు చూసింది దేనికి సాక్ష్యం?" అని.