బావ కోటు జేబులో ఈక

నిన్న ఉతకడానికి తీస్తూ మా కోడలు నా కోటు జేబులోంచి ఒక బూడిదరంగు ఈక పైకి లాగి, "ఇదేటి మావయ్యా?" అంది. ఆ అడగడంలో ఉన్న అనుమానం నాకు పాత పరిచయమే. యాభైల చివర జయపురంలో ఒక చలికాలమంతా అది మా ఇంట్లో గది గదికీ తిరిగింది.

అప్పట్లో మాది బెల్లం, పప్పుల టోకు వ్యాపారం. గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. మా బావ పెళ్లయ్యాక అక్కతో మా ఇంట్లోనే ఉండి కొట్టు చూసుకునేవాడు. తెల్లవారగానే కోటు తొడిగి, మఫ్లరు చుట్టి, చెరువు వైపు వెళ్లి బురద కాళ్లతో తిరిగొచ్చేవాడు. ఎక్కడికంటే "గాలికి" అనేవాడు. ఒకనాడు నాయనమ్మ ఆ కోటు దులిపితే ఈక రాలింది. చలికాలంలో చెరువులో వలేసి బాతుల్ని పట్టి సంతలో అమ్ముతారని ఊరందరికీ తెలుసు. "కాల్సుకు తింతన్నాడు," అని నాయనమ్మ తేల్చేసింది. అదే నిజమైతే ఇక అతని విస్తరి వీధరుగు మీదే. ఏడో నెల గర్భిణి అయిన అక్క తలెత్తకుండా, "ఐతే నా ఇస్తరీ ఆడే ఎయ్యండి," అంది. నాయనమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు సదూకున్నోడివి. ఎనకాలెల్లి సూసి రా."

అయిదో తరగతితో బడి మానేసినా, ఇరవై ఏళ్లకే ఊరి గ్రంథాలయంలో రెండు బీరువాలు పూర్తిచేసినవాణ్ణి. అందులో అపరాధ పరిశోధన నవలలే ఒక అరకి సరిపడా ఉన్నాయి. ఆ ధైర్యంతో దుప్పటి ముసుగేసుకుని మర్నాడు బయల్దేరాను. నీళ్ల మీద మంచు, నా నోట్లోంచి పొగ. బావ తుంగ పక్కన గొంతుక్కూర్చున్నాడు. వల భుజాన వేసుకున్న ఒకాయన వచ్చి బుట్ట మూత తీశాడు. బావ వంగి లోపలికి చూశాడు. వీధరుగు మీద పక్కపక్కనే రెండు విస్తళ్లు నా కళ్లకు కట్టాయి. అంతలో బావ తల అడ్డంగా ఊపాడు, అతను వెళ్లిపోయాడు.

"ఏటి బామ్మర్దీ, దొంగలాగ ఆడే నిలబడిపోనావేటి? ఇటు రా, బాగా అవుపిస్తాయి."

వెళ్లాను. పట్టుబడ్డ సిగ్గు కప్పుకోవడానికి, నుదుట తెల్లమచ్చ ఉన్న నల్లటి పిట్టను చూపి, అది బాతని పుస్తకం చదివినవాడిలా చెప్పాను. "బాతు కాదు, నీటికోడి. గట్టెక్కినప్పుడు కాళ్లు సూడు," అన్నాడు బావ. గట్టెక్కింది. బాతు కాళ్లు కావు. ఎండ వచ్చేదాకా చెరువు చుట్టూ తిరిగాం. అతను చూస్తాడు, రాలిన ఈక దొరికితే జేబులో వేసుకుంటాడు, అంతే.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. నాయనమ్మ నన్నూ అనుమానంగానే చూసింది. "ఇంత సలిలో ఎల్లి పిట్టల్ని సూత్తాడా? సూసి ఏటి సేత్తాడు?" నేను చదివిన రెండు బీరువాల్లోనూ దానికి జవాబు లేదు. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"సెవి దురద నాయనమ్మా. ఈకతో తిప్పుకుంటాడు. సిగ్గేసి సెప్పనేదు," అనేశాను నేను.

"అలాగ సెప్పు మరి," అంది నాయనమ్మ. గరిటె కదిలింది. బావ విస్తరి లోపలే పడింది. కాకపోతే శివరాత్రి దాకా రోజూ రెండు చెవుల్లోనూ వాము కాచిన నూనె పోయించుకున్నాడు. తల ఒక పక్కకి వాల్చి, నావైపే చూస్తూ. ఒక్కసారీ ఏమీ అడగలేదు. ఆ బుట్టలో ఏముందో నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆ సంగతి ఇప్పటికీ నాకు పూర్తిగా తేలలేదు.

"సెవి దురదమ్మా," అన్నాను మా కోడలితో. ఆవిడ చాలాసేపు చూసింది. నేనింకా తెల్లవారగానే వెళ్లే ఆ చెరువు సగం పూడిపోయింది, బావ పోయాడు, నాయనమ్మ పోయింది. ఇన్నేళ్లలో ఇన్నింటిని మార్చిన కాలం, ఆ చూపు జోలికి మాత్రం పోలేదు.