పథ్యం అందరికీ

అరవైల మొదట్లో, మతి చెదిరిన మా తమ్ముడి కోసం కొత్తగా వచ్చిన మాత్రలు తీసుకుని హైదరాబాదు నుంచి బెజవాడ బస్సులో వస్తున్నాను. పొట్లం జేబులో దాచుకుంటుంటే, నూలు మూట ఒళ్లో పెట్టుకున్న నేతపని ఆవిడ చూసింది.

"గా పిచ్చి దవాఖాన గోలీలేనా సారు? మా పెద్దోనికి గూడ గవే," అంది, బస్సంతా వినేలా.

తమ్ముడు వేసుకోవడం లేదని, ఊసేస్తున్నాడని మెల్లగా చెప్పాను.

"పథ్యం ఏం పెట్టిన్రు?"

"డాక్టరు పథ్యమేమీ చెప్పలేదమ్మా."

"మాకు గూడ చెప్పలే. పథ్యం లేనిది మందెట్లయితదని మావోడు ముట్టలే. గందుకే నేనే పెట్టిన. వంకాయ బంద్, చింతపులుసు బంద్, ఇంట్ల అందరికి. గోలి వానొక్కనికే గని పథ్యం వానొక్కనికే ఎందుకు? గప్పటిసంది ఏసుకుంటుండు. మొన్న మళ్ల మగ్గం మీద కూసున్నడు."

ఆమె కట్టంగూరులో దిగిపోయింది. తలుచుకుని దండం పెట్టుకుందామంటే పేరైనా అడగలేదు.

ఇంటికి చేరి అమ్మకు చెప్పాను. మర్నాడు అందరి విస్తళ్లలోనూ చప్పటి పెసరపప్పే. పులుసు లేనిదే ముద్ద దిగని నాన్నగారు కూడా అదే కలుపుకున్నారు. తమ్ముడు అందరి విస్తళ్లూ ఒక్కొక్కటే చూశాడు. చూసి, మాత్ర కోసం చెయ్యి చాపాడు.