సేటు కోసిన పలక

మా సేటుకు రంపం పట్టడం రాదు. ఆబిడ్స్‌లో కుర్చీలు, బల్లల దుకాణం పెట్టి కూర్చున్నవాడికి చెక్క కోయడం రాదంటే నవ్వొస్తుంది కదా. ఆయన నాంపల్లి కార్ఖానాలో వడ్రంగి పనంతా నా చేతి మీదే నడిచేది. ఆ సంగతి అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి.

యుద్ధం అయిపోయాక పటాలం సామాను వేలంలో ఆయన ఒక కరెంటు రంపం కొనుక్కొచ్చాడు. గుండ్రటి బిళ్ల, చుట్టూ పళ్లు, చేత్తో పట్టుకుని తోసేది. ఇక మా దగ్గర కోతలన్నీ చిటికెలో పనని మొజంజాహీ మార్కెట్ దాకా చాటాడు. తీరా తానే మొదలుపెడితే గీత ఒక దారి, రంపం ఒక దారి. పాత పెట్టెల చెక్కల మీద నెల్లాళ్లు అవస్థ పడ్డాడు. ఆ వంకర ముక్కలను వచ్చినవాళ్లందరికీ చూపించి, మా సేటుగారి పనితనం అని నవ్వించేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు. సిగ్గులేని మనిషి అనుకునేవాణ్ణి.

దాన్ని లొంగదీయడానికి నాకు ఒక్క పూట పట్టింది. రంపం అడుగు రేకు అంచు నుంచి పన్ను దాకా ఎంత దూరమో కొలిచి, గీతకు అంత ఎడంగా ఒక కర్ర పట్టీ బిగించాను. రేకును దానికి ఆనించి తోస్తే కోత దారం పట్టినట్టు వచ్చింది. ఈపాటి బుర్ర లేదా మనిషికి?

అప్పుడే బషీర్‌బాగ్ నుంచి ఒక పంతులమ్మ జట్కాలో ఒక పలక తెచ్చింది. చనిపోయిన తండ్రి మంచం తలాపు పలక. మూరెడు వెడల్పున ఒకే చెక్క, తేనెరంగు టేకు. పాత బొక్కలున్న చివర తీసేసి రాతబల్ల చేయమంది. కిటికీ కింద సరిగ్గా సరిపోవాలి, వేలెడు కూడా తగ్గకూడదు. ఆమెకూ సేటు ముక్కలు చూపించి నవ్వించబోయాను. ఆమె నవ్వలేదు.

"జర పైలంగ కొయ్యి ఓస్తాద్. మా నాయినది గిదొక్కటే మిగిలింది" అంది.

మంచి మొహం పైకి పెట్టి గీత గీశాను. చేతి రంపానికి అదే పద్ధతి. పన్ను కిందికి కోస్తుంది గనుక పెచ్చు లేస్తే అడుగునే లేస్తుంది. సేటు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పలక తిరగెయ్యి ఓస్తాద్. నా ముక్కలల్ల కింది మొఖమే నున్నగొస్తున్నది."

వంకర ముక్కల పండితుడు నాకు చెప్పొచ్చాడు! ఇరవై ఏళ్లుగా రంపం పట్టిన చెయ్యి ఇదనీ, తమరు గల్లాపెట్టె దగ్గరికి దయచేయమనీ అన్నాను. ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.

కోత తిన్నగానే వచ్చింది. పొట్టు ఊది చూద్దును కదా, కోసిన అంచు పొడవునా పైమొహం మీద పెచ్చులు లేచిపోయి ఎలుకలు కొరికినట్టుంది. ఆ బిళ్ల పన్ను కింది నుంచి పైకి కోస్తుంది. నెల్లాళ్లు ఆ ముక్కలను ఊరందరికీ చూపించిన నేను, ఒక్కదాన్నయినా తిరగేసి చూడలేదు. అంత పొగరు నాది.

చిత్రిక పట్టినా ఆ గాట్లు పోలేదు. పంతులమ్మ వచ్చి, అంచు మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. కళ్లు నిండాయి. సేటే ముందుకొచ్చాడు.

"నేనే కోసిన అమ్మా. తప్పయింది."

ఆమె వెంటనే నమ్మింది. నమ్మదా మరి, సేటుకు రంపం పట్టడం రాదని చెప్పింది నేనేగా. నా వైపు తిరిగి, "నువ్వు కోస్తే గిట్లయ్యేదా ఓస్తాద్" అంది.

సేటు ఎదుటే నిలబడి, అయ్యేది కాదమ్మా అన్నాను.