నేను తియ్యని పదకొండు నిమిషాలు

దయ్యాలున్నాయని నన్ను నమ్మించాలని చూసినవాళ్లు మా నస్పూర్ కాలనీలో చాలామందే ఉన్నారు. ఎవరి మాటా నేను చెవిన పెట్టలేదు. ఫొటో స్టూడియో నడిపేవాడికి పెళ్లెంతో చావూ అంతే. సమాధుల తోటలో ఒక్కణ్ణే కూర్చుని కెమెరా బ్యాటరీ మార్చుకున్న రోజులున్నాయి. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నా బుద్ధి కూడా బయటపడుతుంది. పడనీ.

మా వైపు చావుకు వీడియో తీయిస్తారు. తెలియనివాళ్లకు విడ్డూరంగా ఉంటుంది గానీ, ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న చోట ఇది తప్పదు. అందులో ముఖ్యమైంది ముఖం. పెట్టె మూత వేసేముందు కెమెరా పోయి చనిపోయిన మనిషి ముఖం మీద కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు రూములో గోడకు ఫోన్ ఆనించి, దాని ముందు కూర్చుని అప్పుడు ఏడుస్తారు. వాళ్లకు అదే కడసారి చూపు.

దేవదానం గారు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరైన మనిషి. ఎండాకాలంలో పోయాడు. కొడుకు శామ్యూల్ సౌదీలో, ఎడారి మధ్య ఏదో సైటులో ఉన్నాడు. డ్యూటీకి పోయేటప్పుడు ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారట. సాయంత్రందాకా అతనికి కబురే అందలేదు. అప్పటిదాకా ఆపుదామంటే, కిరాయికి తెచ్చిన ఫ్రీజర్ పెట్టె చెడిపోయింది. మధ్యాహ్నంలోగా భూస్థాపన కానిద్దామన్నారు పెద్దలు.

నేను పోయేసరికి పదిన్నర. ముందు వాకిట్లో చేరిన జనాన్ని ఆరు క్లిప్పులు తీశాను. గదిలో అడుగు పెట్టగానే గుప్పున వాసన కొట్టింది. అత్తరు, సాంబ్రాణి పొగ, వాటి అడుగున ఇంకోటి. ముఖం ఉబ్బింది. ముక్కులో పెట్టిన దూది తడిసి రంగు మారింది. ఇక ఈగలు. కనురెప్పల మీద, పెదవుల సందులో, దూది మీద. తోలేవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ కొంగులూ తువ్వాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడలకు అతుక్కుని ఉన్నారు.

 కెమెరా పైకెత్తి, రికార్డు నొక్కకుండానే, తీస్తున్నట్టు కాసేపు నటించి బయటికొచ్చేశాను. వాకిట్లో నల్లా తిప్పి రెండుసార్లు ఉమ్మాను, ఆ తర్వాత కక్కాను. కెమెరా నా భుజానికే వేలాడుతోంది. పట్టీ మీద పడ్డ కక్కును నేనే కడుక్కున్నాను. తర్వాత పాటలు, పాస్టరు గారి ప్రార్థన, సమాధుల తోట, అన్నీ దూరం నుంచి తీశాను. ముఖం తియ్యలేదు.

రెండు రోజులకు శామ్యూల్ ఫోన్ చేశాడు. "అన్నా, బాపు మొకం మంచిగ తీసినవా?" అని అడిగాడు. "తీసిన తమ్మీ, ఐదు నిమిషాలు తీసిన" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

క్లిప్పులన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. అలవాటు ప్రకారం దాని మీద టేపు అంటించి 'దేవదానం, 17 క్లిప్పులు' అని రాశాను. కెమెరాలోని మెమరీ కార్డు చెరిపేసి ఒక పెళ్లికి పట్టుకుపోయాను. ఇంకో కాపీ పెట్టుకోలేదు. వారం తిరక్కముందే, కుర్చీ జరుపుతుంటే వైరు కాలికి తగిలి డిస్కు కింద పడింది. కేబుల్ గుచ్చే మూతి విరిగి లోపలికి పోయింది. కంప్యూటర్‌కు పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. డిస్కు పోయింది, ముఖం కూడా దాంట్లోనే పోయిందని చెప్పుకోవచ్చు. శామ్యూల్‌కు అట్లాగే చెప్పాను కూడా.  మర్నాడు పొద్దున్నే వాళ్లక్క మార్తమ్మ స్టూడియోకు వచ్చి కూర్చుంది.

"కరీంనగర్ల గివి బాగుచేసేటాయన ఉన్నడట. మా తమ్ముడు బాపును సూడక ఆరేండ్లాయె. నడువు అన్నా, నేను సుత వస్త" అంది.

తప్పించుకునే దారి లేక బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె డిస్కును రుమాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకున్నది ఒకటే కోరిక, అది బాగుపడకూడదు. బాగుపడితే అందులో ముఖం లేదని ఆమె కళ్లారా చూస్తుంది.

బాగుచేసే ఆయనది కరుకు నోరు. డిస్కు పైడబ్బా విప్పితే లోపల బొద్దింక గుడ్లు, ఎండిపోయిన పెంట. "ఛీ! సచ్చినోళ్ల వీడియో ఉన్నదంటిరి, గింత గలీజుగ పెట్టుకుంటరా?" అని నన్ను కిందికీ మీదికీ చూశాడు. బ్రష్షుతో అంతా ఊడ్చి, భూతద్దం కింద పెట్టి, విరిగిన మూతి పీకేశాడు. బోర్డు మీద మిగిలిన టంకం చుక్కలకు వెంట్రుకల్లాంటి తీగలు అతికించాడు. ఊపిరి కూడా మెల్లగా తీసుకోమన్నాడు. డిస్కు తిరగడం మొదలుపెట్టింది. అందులో ఉన్నదంతా వేరే డిస్కులోకి దించి, మా ముందే తెరిచాడు.

పద్దెనిమిది క్లిప్పులున్నాయి.

నేను రాసిన టేపు ఆ బల్ల మీదే ఉంది, పదిహేడని. ఎక్కువున్నది ఆరోదానికీ ఏడోదానికీ మధ్యలో ఉంది. పదకొండు నిమిషాలది. ఆయన దాన్నే నొక్కాడు.

ముఖం. దగ్గరగా, ఇసుమంతైనా కదలకుండా. ఆ ఉబ్బు, ఆ దూది అన్నీ ఉన్నాయి. ఈగ ఒక్కటి కూడా వాలలేదు. ఎడమ పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి, రుమాలు ఆడిస్తూ తోలుతూనే ఉంది, పదకొండు నిమిషాలూ. వేళ్ల మీద నల్లటి గీతలున్నాయి. బాయిలో తగిలిన దెబ్బలు బొగ్గు పొడితోనే మానిపోతే పడే గీతలవి. అలాంటి చేతులు మా కాలనీలో ఇంటింటికీ ఉంటాయి. నేను మాత్రం ఏనాడూ బాయి దిగలేదు.

ఆ చెయ్యి ఎవరిదని మార్తమ్మను అడిగాను. "నాకెరుక లేదన్నా. బాపు పక్కకు ఎవ్వరు కూసోలే. నేను సుత పోలే" అని తల వంచుకుని ఏడ్చింది.

అంతవరకే అయితే ఇంకెవరో తీశారని సరిపెట్టుకునేవాణ్ణి. నాలుగో నిమిషంలో, దూరంగా, బయట నల్లా నీళ్ల చప్పుడు వినిపించింది. ఎవరో ఉమ్మారు. మళ్లీ ఉమ్మారు. తర్వాత కక్కారు. కక్కి, చచ్చిన మనిషిని ఒక బూతు మాట తిట్టారు.

ఆ గొంతు నాది. ఆ తిట్టు సంగతి పైన రాయకుండా దాచాను.

దించేటప్పుడు వేరేవాళ్ల ఫైలు కలిసిందేమోనని బాగుచేసిన ఆయన్ను అడిగాను. "దీన్ల ఉన్నదే వస్తది. లేనిది ఏడికెల్లి వస్తది?" అని కసిరాడు.

ఏడుపులో మార్తమ్మ ఆ గొంతు పోల్చుకోలేదు. క్లిప్పులో చప్పుడు తీసేసి శామ్యూల్‌కు పంపాను. ఆ శుక్రవారం అతను ఫోన్ చేశాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "అన్నా, గా వాసనకు అందరు దూరం జరిగిండ్రట, అక్క చెప్పింది. నువ్వొక్కనివే మొకం తిప్పుకోలే. ఒక చేత్తోని కెమెరా పట్టుకొని ఇంకో చేత్తోని ఈగలు తోలినవ్. కొడుకుగ నేను చెయ్యాల్సింది నువ్వు చేసినవ్" అన్నాడు. కాదు తమ్మీ అనే మాట నాలిక మీదిదాకా వచ్చింది. మింగేశాను. ఆ రోజు కక్కిన దానికంటే అదే నాకు ఎక్కువ అసహ్యం.

క్రిస్మస్‌కు శామ్యూల్ సెలవు మీద వచ్చాడు. నేరుగా స్టూడియోకు వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకముందే నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత ఆ చేతిని తిప్పి వేళ్ల మీద గీతల కోసం చూశాడు. ఎడమచెయ్యి కూడా తీసుకుని చూశాడు. రెండూ మెల్లగా వదిలేశాడు.

ఆ క్లిప్పు ఎక్కణ్ణించి వచ్చిందో నేను ఇప్పటికీ చెప్పలేను. అతను అడిగి ఉంటే ముఖం నేను తియ్యలేదనైనా చెప్పుకునేవాణ్ణి. అతను ఏమీ అడక్కుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.