నా బుగ్గ మీద పూయని తామర

మా చిన్నప్పుడు... అంటే నా బుగ్గ మీద తామరపువ్వు పూస్తుందని నేను గట్టిగా నమ్మిన రోజుల్లో... ఢిల్లీ కంటోన్మెంట్‌లో చలికాలం. స్కూల్లో ఇంటర్వెల్. నా స్నేహితురాలు సిమ్రన్ తన వాటర్ బాటిల్ మూత తీసి నా ఎడమ బుగ్గ మీద చుక్కచుక్కగా నీళ్లు పోస్తోంది, మొక్కకు పోసినట్టు. నేను చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నా కదలకుండా నిలబడ్డాను. పువ్వు కదా మరి!

నవ్వకండి. అసలేం జరిగిందో చెబుతాను.

మా నాన్న ఆర్మీలో హవల్దార్. మాది శ్రీకాకుళం వైపు, కానీ నేను పెరిగిందంతా ఢిల్లీ క్వార్టర్స్‌లోనే. పుట్టుకతోనే నా ఎడమ బుగ్గ మీద ఎర్రటి మచ్చ... చెవి దగ్గర మొదలై పెదవి అంచు దాకా. దారిన పోయే ఆంటీలందరూ "జల్ గయా క్యా?" అని అడిగేవారు, కాలిందా అని. నాన్న మీసం మీద చెయ్యి వేసి, "మాకు ర్యాంకు భుజం మీద ఉంటాది, మా అమ్మికి బుగ్గ మీదే ఏసి పంపించినారు" అనేవాడు. ఇంకేం, నేను తల ఎగరేసుకుని తిరిగేదాన్ని.

ఆ చలికాలం మాత్రం ఆ మచ్చ మీద ఒకటే దురద. చర్మం గరుకెక్కి, పొట్టు రాలి, అక్కడక్కడా చెమ్మ ఊరేది. విచిత్రమేమిటంటే ఎరుపు దాటి ఒక్క అంగుళం కూడా బయటికి వచ్చేది కాదు.

ఊరి నుంచి వచ్చిన నానమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. "ఓలమ్మో, ఈ గుంటకి తామరొచ్చీసింది!" అంది.

తామర! నాకు తెలిసిన తామర ఒక్కటే... స్కూలు పుస్తకంలో గులాబీ రంగులో ఉండే కమలం. చర్మానికి వచ్చే తామర ఒకటి ఉంటుందని నాకెవరు చెప్పారు? మర్నాడే సిమ్రన్‌తో, "మేరే గాల్ పే కమల్ ఖిలేగా, దాదీ నే బోలా" అని గొప్పలు పోయాను. నా బుగ్గ మీద కమలం పూస్తుందట, నానమ్మే చెప్పిందట! సిమ్రన్ ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. అప్పటినుంచి రోజూ నీళ్లు పోయడం మొదలుపెట్టింది... పిచ్చితల్లి.

ఇంట్లో అమ్మ నానమ్మ మాట పట్టుకుని మందుల షాపుకు వెళ్లి, "దాద్ హై భయ్యా" అంది. తామరను హిందీలో దాద్ అంటారు. అతను ముఖం కూడా చూడకుండా ఒక ట్యూబ్ ఇచ్చాడు. అది రాస్తే మంట. పొద్దున నీళ్లు, సాయంత్రం ఆ మందు... బుగ్గ కాస్తా ఎండిన చెరువులా పగుళ్లు తీసింది.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, అదీ అయింది. దాద్ అన్న మాట సిమ్రన్ వాళ్లమ్మ చెవిన పడింది. ఆంటీ చెడ్డది కాదు, దాద్ అంటుకుంటుందని భయం, ఇంట్లో చంటిపిల్లాడు ఉన్నాడు. గుమ్మంలోనే ఆపి, "ఠీక్ హోనే తక్ ఇధర్ మత్ ఆనా, బేటా" అంది, తగ్గేదాకా ఇటు రావద్దని. లోపల సిమ్రన్ నిలబడి చూస్తోంది. క్లాసులో కూడా దాన్ని వేరే బెంచీకి మార్పించారు. మచ్చ గురించి నేనెప్పుడూ ఏడవలేదు. ఆ రోజు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మ ఇంక ఆగలేదు. పెద్ద ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. అమ్మ "దాద్" అని మొదలుపెట్టగానే నేను అడ్డం తగిలి, "దాద్ నహీ, కమల్ హై!" అన్నాను. డాక్టరమ్మ పకపకా నవ్వింది. తర్వాత భూతద్దంలో చూసి, ఎక్కడెక్కడ దురదో అడిగింది. "లాల్ సే బాహర్ నహీ ఆతీ," అన్నాను... ఎరుపు దాటి రాదు అని.

దాద్ కాదట. పుట్టుమచ్చ మీద ఎగ్జిమా వచ్చిందట. కొందరు పిల్లలకు అలా మచ్చ మీదే వస్తుందట, ఎవరికీ అంటుకోదట. పాత ట్యూబ్ పారేయించి వేరే మందు రాసిచ్చింది.

"మచ్చ కూడా పోతుందా, మేడమ్?" అని అమ్మ ఆశగా అడిగింది.

"ఎగ్జిమా తగ్గుతుంది. ఈ మందుతో మచ్చ పోదు."

అమ్మ మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. ఇంటికి కాదు, తిన్నగా సిమ్రన్ వాళ్ల గుమ్మంలోకి.

అమ్మకు హిందీ అంతంతమాత్రం. "డాక్టర్ బోలా... దాద్ నహీ. చిపక్‌తా నహీ. దేఖో!" అంటూ, అంటుకోదు చూడమని కిందికి వంగి, పొట్టు రాలుతున్న నా బుగ్గకు తన బుగ్గ గట్టిగా ఆనించింది. అలాగే ఉండిపోయింది. ఆంటీ మొహం చిన్నబోయింది. "అందర్ ఆవో, దీదీ," అని తలుపు బార్లా తెరిచింది.

సిమ్రన్ మాత్రం నీరుగారిపోయింది. "తో కమల్ నహీ ఖిలేగా?" అంది... అయితే పువ్వు పూయదా అని!

ఎగ్జిమా తగ్గిపోయింది. మచ్చ నాతోనే ఉంది. ఇప్పుడు నేను ఉద్యోగం చేసే గురుగ్రామ్‌లో ఏ మీటింగ్‌లోనైనా అందరికంటే ముందు గుర్తుండేది నేనే. మొన్న నోయిడా నుంచి సిమ్రన్ వీడియో కాల్ చేసింది. నా కొత్త ఫోన్ నన్ను అడక్కుండానే మచ్చ చెరిపేసి నున్నగా చూపించింది. "అరే, కమల్ కహా గయా? ఫిల్టర్ హటా!" అని అది కేకలు, కమలం ఎక్కడికి పోయింది, ఫిల్టర్ తీసెయ్ అని. తీసేశాను. అప్పుడు గానీ శాంతించలేదు.

ఇప్పుడు పిల్లల ఒంటి మీద చిన్న దద్దురు కనబడితే చాలు, ముందు అపార్ట్‌మెంట్ సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది, తర్వాత వంద సలహాలు... ఆ రోజు మా అమ్మ దగ్గర ఫోన్ లేదు, సరైన హిందీ కూడా లేదు. బుగ్గ ఉంది, అదే ఆనించింది.

మీ కోసం అలా ఇంకొకరి గుమ్మంలో నిలబడిందెవరు? పేరు రాయండి... చదివి మా అమ్మకు వినిపిస్తాను.