వాన పడితేనే రండి

చిలీ దేశానికి ఉత్తరాన, ఎడారిలో, యస్నా పుట్టి పెరిగిన కలామాలో వాన పడడమంటే వార్త. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో ఒక మధ్యాహ్నం నాలుగు చినుకులు రాలితే బడులు మూసేస్తారు, గనుల బస్సులు ఆపేస్తారు, రేకుల కప్పుల కింద గిన్నెలూ బకెట్లూ పెట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటారు. ముప్పై ఒక్కేళ్ళు వచ్చేదాకా యస్నాకు రబ్బరు బూట్లంటే చేపలు పట్టేవాళ్ళ సరంజామా అనే తెలుసు. అలాంటి మనిషి ఒక మార్చి నెలలో భర్తనీ, ఇద్దరు పిల్లల్నీ, నాలుగు పెట్టెల్నీ వెంటేసుకుని దక్షిణాన మా చిలోయే దీవిలోని కాస్త్రోకి కాపురం వచ్చింది. ఏడాదిలో సగానికి పైగా తడిసే ఊరు మాది. ఎడారి మనిషి ఇక్కడ ఎన్నాళ్ళుంటుందో చూద్దామని మా వీధికి కాస్త సరదాగానే ఉండింది, అబద్ధమెందుకు.

భర్త ఒమార్ మెకానిక్. సముద్రంలో సాల్మన్ చేపల్ని పెంచే చోట పడవల ఇంజన్లు చూసుకోవడం అతని పని. పద్నాలుగు రోజులు నీళ్ళ మీద, ఏడు రోజులు ఇంట్లో. పెద్దది రఫాయెలా, అందరికీ రఫా, అయిదు నిండబోతున్నాయి. చిన్నవాడు గస్పార్, రెండేళ్ళవాడు, చేతికి దొరికిన చెంచానల్లా కట్టెల పెట్టెలో దాస్తాడు. పక్కింట్లో ఒతీలియా ఉంటుంది. అరవై ఎనిమిదేళ్ళది. ఉన్ని మేజోళ్ళు అల్లుతుంది, వీధిలో అందరి సంగతులూ తనవే అనుకుంటుంది.

ఏప్రిల్లో మొదటి వాన మొదలైనరోజు యస్నా బజారుకెళ్ళి ఎర్రటి గొడుగు కొనుక్కొచ్చింది. పిల్లల్నిద్దర్నీ దాని కింద ఇరికించుకుని కిండర్‌గార్టెన్‌కి బయల్దేరింది. వీధి మలుపులో గాలి ఒక్క విసురు విసిరేసరికి గొడుగు వెనక్కి తిరగబడి, చేతిలోంచి ఊడి, నీళ్ళలో కర్రకాళ్ళ మీద నిలబడ్డ ఇళ్ళ మధ్యనుంచి సముద్రంలోకి వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడ్డ ఒతీలియా పకపకా నవ్వింది.

"గొడుగా! అమ్మాయ్, ఈ ఊళ్ళో గొడుగు పట్టినవాళ్ళని చూసి నలభై ఏళ్ళయిందే!"

"మరి తడిసిపోరూ, పిన్నిగారూ?"

"తడిస్తే ఏమవుతుంది? కరిగిపోడానికి నువ్వేమైనా ఉప్పుబొమ్మవా?"

కలామా పక్కనే ఉప్పు మైదానాలున్నాయని ఎవరో చెప్పినట్టున్నారు, ఆ పేరు వీధిలో అతుక్కుపోయింది. రొట్టెల కొట్టులో కూడా "ఉప్పుబొమ్మ వచ్చింది" అనుకున్నారు. యస్నాకు ఒళ్ళు మండింది. పిల్లల్ని వెనక్కి తిప్పి ఇంట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎక్కువగా వినబడిన మాట "వాన తగ్గాక."

"అమ్మా, పార్కుకి వెళ్దామా?"

"వాన తగ్గాక."

"నల్ల మెడల హంసల్ని చూపిస్తానన్నావుగా?"

"వాన తగ్గాక, బంగారూ."

వాన తగ్గలేదు. మే నెలంతా దుప్పట్లతో గుడారాలు కట్టారు, విప్పారు, మళ్ళీ కట్టారు. అద్దం మీద జారే నీటిబొట్లకి రఫా పేర్లు పెట్టి పందేలు కాసింది. రానురాను ఆ ఆట కూడా మానేసి, ఊరికే అద్దానికి ముక్కు ఆనించి, వీధిలో పసుపుపచ్చ కోట్లేసుకుని బురదలో గెంతే పిల్లల్ని చూస్తూ కూర్చునేది. వాళ్ళలో ఒక్కరి పేరూ దానికి తెలీదు.

ఒకరోజు టీచర్ ఫోన్ చేసింది. "రఫా వాళ్ళమ్మగారేనా? పాపకి ఒంట్లో ఎలా ఉందండీ? పదకొండు రోజులైంది రాక."

"బాగానే ఉందండి. వాన కదా, అందుకని..."

"వానైతే ఏమిటండీ?" అంది టీచర్ చాలా మర్యాదగా. పాపం, ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

యస్నా తల్లి నోల్ఫా రోజూ కలామా నుంచి ఫోన్ చేసేది. "పిల్లలకి బూజు పట్టిపోతుందే! పంపించెయ్యి, ఇక్కడ ఎండలో ఆడుకుంటారు." మే ఆఖర్న ఇంటికొచ్చిన ఒమార్ కూతురి మొహం చూసి, తనే మాట తీశాడు.

"నా ఒప్పందం రెండేళ్ళు, యస్నా. నేను వదిలి రాలేను. జూలై చలికాలం సెలవుల్లోపు పిల్లలు కుదురుకోకపోతే మీరు ముగ్గురూ మీ అమ్మ దగ్గరికి వెళ్ళిపోండి. నేనే రెండు మూడు నెలలకోసారి వచ్చి చూసి పోతుంటాను."

మామూలుగానే చెప్పాడు గానీ, చెప్పి పొయ్యిలో అవసరం లేని కట్టె ఒకటి తోశాడు. గస్పార్ అప్పుడే "నాన్న" అనడం నేర్చుకుని రోజంతా అదే అంటున్నాడు. యస్నా ఆ రాత్రంతా కోపంతో నిద్రపోలేదు. ఒమార్ మీద కాదు, ఆకాశం మీద.

జూన్ రెండో శనివారం రఫా పుట్టినరోజు. కూతురికి ఒక్క స్నేహితురాలైనా దొరికితే చాలనుకుంది యస్నా. పిల్ల తిన్నగా బడికి పోకపోయినా సరే, టీచర్ ద్వారా ఆరుగురు పిల్లలకి పిలుపులు పంపింది. రఫా ఒక్కోదాని మీదా ఒక్కో హంస గీసింది. కింద యస్నా గుండ్రటి అక్షరాలతో రాసింది: "శనివారం రెండింటికి, హంసలుండే ఒడ్డున. వాన పడకపోతే."

ఆ శనివారం వాన పడలేదు! మబ్బుగా ఉంది గానీ ఒక్క చుక్క లేదు. యస్నా నమ్మలేక మూడుసార్లు గుమ్మం బయట చెయ్యి చాపి చూసింది. కేకు, జ్యూసు సీసాలు, కాగితం టోపీలు మోసుకుని పిల్లలతో ఒడ్డుకి పరుగెత్తింది. హంసలు వచ్చాయి. మనుషులు రాలేదు. రెండున్నర అయింది, మూడయింది. రఫా కాగితం టోపీ పెట్టుకుని దారివంకే చూస్తోంది. నాలుగింటికి టోపీ తీసి మడిచి తల్లి చేతిలో పెట్టింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండును అనిపించింది యస్నాకి.

ఇంటికి రాగానే యస్నా పోయి ఒతీలియా తలుపు బాదింది. "ఒక్క పిల్లనైనా రానివ్వరా మీ ఊరివాళ్ళు? అయిదేళ్ళ పిల్ల ఏం చేసింది మీకు?" అని కడిగేసింది. ఒతీలియా అల్లిక పక్కన పెట్టి, యస్నా చేతిలో మిగిలిన పిలుపు కాగితం తీసుకుంది. హంసని మెచ్చుకుంది. కింద అక్షరాలు చదివింది. చదివి నెత్తి కొట్టుకుంది.

"ఇలా రాశావా తల్లీ? 'వాన పడకపోతే' అనా? జూన్‌లోనా?"

"అయితే?"

"మా ఊళ్ళో దానికి అర్థం ఏంటో తెలుసా? రావద్దని! ఎవరికైనా మర్యాదగా ఎగ్గొట్టాలంటే ఆ మాటే అంటాం. మా ఆయన బతికున్నప్పుడు పన్ను పీకించుకోవయ్యా అంటే, వాన లేనిరోజు చూసి వెళ్తానే అనేవాడు. పళ్ళన్నీ వాటంతటవే రాలిపోయాయి!"

యస్నా కూలబడింది. ఆరుగురు తల్లులూ తన పిలుపు చదివి, "ఈ ఉత్తరాదావిడకి ఎంత టెక్కు" అనుకుని వేరే పనులు పెట్టుకున్నారన్నమాట! నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఒతీలియా టీ పోసి ఇచ్చి, ఇక పాఠం మొదలుపెట్టింది.

"అసలు నీకు అన్నీ వానేనే. అదే నీ జబ్బు. గాల్లో తేలేది తుంపర, దానికి టోపీ కూడా పెట్టుకోం. వదలకుండా పట్టింది ముసురు, దాన్లో బట్టలారెయ్యం, అంతే. జడివానకి బూట్లు. కుండపోతకి బూట్లూ కోటూ. గాలివానొస్తే మాత్రం పడవలు కట్టేసి పొయ్యి దగ్గర కూచుంటాం. గాలివాన ఏడాదికి నాలుగుసార్లు. మిగతా రోజుల్లో ఇంట్లో కూచుంటే ఇక బతికేదెప్పుడు?"

అటకమీదినుంచి తన కొడుకుల చిన్ననాటి, నీళ్ళు దిగని నూనెగుడ్డ కోట్లూ బూట్లూ దించింది. యస్నాకు పోయిన తన మొగుడి కోటే ఇచ్చింది. అది మోకాళ్ళు దాటింది. గొర్రెవాసన కొట్టే మేజోళ్ళు మూడు జతలు పైన పడేసింది.

సోమవారం పొద్దున ముసురు పట్టింది. యస్నా పిల్లలకి కోట్లు తొడిగి, తలుపు తీసి, బయట అడుగుపెట్టింది. మెట్టు దిగగానే పెద్ద నీళ్ళగుంట. రఫా దాని ముందు ఆగి, తల్లి మొహంలోకి చూసింది. వద్దంటుందేమోనని కాదు, అంటుందని తెలిసే. యస్నా తనే గుంటలోకి రెండు కాళ్ళతో దూకింది.

రఫా కేక వీధి చివరిదాకా వినిపించింది. ఆ కేకలో రెండు నెలల గుడారాలూ, అద్దాలూ కొట్టుకుపోయాయి. గస్పార్ ఏకంగా కూర్చున్నాడు గుంటలో. బడికి పది నిమిషాల దారికి నలభై నిమిషాలు పట్టింది. టీచర్ గుమ్మంలో ఆ ముగ్గురి బురద అవతారాలు చూసి, "రండి రండి, ఇప్పుడు మా ఊరివాళ్ళలా ఉన్నారు!" అంది.

ఆ వారమంతా వానలోనే బయటికి వెళ్ళారు. మంగళవారం హంసలు, బుధవారం చేపల బజారు, గురువారం సముద్రం వెనక్కి పోయినప్పుడు గవ్వలు. ఆ గురువారమే రఫా రెండోసారి పిలుపులు గీసింది. ఈసారి హంసకి బూట్లు వేసింది. కింద యస్నా రాసింది: "శనివారం రెండింటికి, అదే ఒడ్డున. వాన పడితేనే రండి."

ఊరంతా చెప్పుకుని నవ్వింది. రొట్టెల కొట్టావిడ ఒక కాగితం అడిగి తీసుకుని గోడకి అంటించింది.

శనివారం తెల్లారింది. రఫా పరుగున వచ్చి తల్లి మీద పడి, ఈసారి నిజంగానే ఏడుపందుకుంది. "అమ్మా! ఎండొచ్చేసింది! నా పుట్టినరోజు మళ్ళీ పోయింది!"

నిజమే. ఆకాశంలో మబ్బు లేదు. ఎండకోసం రెండు నెలలు మొక్కుకున్న యస్నా గుమ్మంలో నిలబడి ఆ సూర్యుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. గోడ అవతలినుంచి ఒతీలియా అంది: "ఎందుకే అరుస్తావ్? మా ఊరి ఎండని ఎవరైనా నమ్ముతారా? పిండి కలుపు, పో!"

రెండింటికి ఒడ్డుకి వెళ్ళేసరికి ఆరుగురు పిల్లలూ ఉన్నారు. ఆరుగురా! అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళతో కలిపి పదిహేడుమంది! ఎండలో అందరూ బూట్లూ కోట్లూ వేసుకుని, బుద్ధిగా ఆకాశంవంక చూస్తూ నిలబడ్డారు. ఒడ్డున లాగిపెట్టిన పడవ మీద పట్టా కప్పి, దానికింద తల్లులు గుమ్మడికాయ కలిపిన పిండితో సోపైపియాలు వేయిస్తున్నారు. రెండుంబావుకి గాలి తిరిగింది. రెండున్నరకి దీవుల వెనకనుంచి నల్లగా కదిలింది. మొదటి చుక్క ఒతీలియా ముక్కుమీద పడిందో లేదో, పదిహేడు గొంతులు ఒక్కసారి అరిచాయి. హంసలు భయపడి అవతలికి పోయాయి.

అది తుంపర కాదు, ముసురు కాదు, కుండపోత! కేకుమీద బట్టల తొట్టి బోర్లించి దాన్ని కాపాడారు. గుంటల్లో దూకే పందెం పెట్టారు, ఎవరు ఎక్కువ నీళ్ళు ఎగరేస్తే వాళ్ళు గెలిచినట్టు. తల్లులు కూడా దిగారు. యస్నా పరుగున వచ్చి దూకి, జారి, చతికిలబడి, ఒతీలియాని తలదాకా తడిపేసింది. పోటీ లేకుండా ఆమెదే గెలుపని అంతా ఒప్పుకున్నారు. రఫాకి అటొక పిల్లా ఇటొక పిల్లా చేతులు పట్టుకుని ఉన్నారు. అటుపక్కదాని పేరు మగాలీ. ఇటుపక్కదాని పేరు ఎల్బా. సాయంత్రానికి యస్నాకి ఆ పేర్లు నూరుసార్లు వినిపించాయి.

సరిగ్గా యస్నా చతికిలబడినప్పుడే ఒమార్ పడవ రేవుకి వస్తోంది. ఒడ్డున బురదలో కూర్చుని పగలబడి నవ్వుతున్న పొడుగు కోటు ఆవిణ్ణి చూసి, "ఎవర్రా ఆవిడ, పిచ్చిదా?" అన్నాడట పక్కవాడితో. దగ్గరికొచ్చాక గాని గుర్తుపట్టలేదు.

ఇంట్లో పొయ్యి చుట్టూ ఎనిమిది బూట్లు ఆరుతున్నాయి. ఒమార్ గొంతు సవరించుకున్నాడు. "జూలైకి టిక్కెట్లు తియ్యాలి మరి. మీ ముగ్గురికీ... పోవడానికేగా?"

"నలుగురికీ తియ్యి. సెలవు పెట్టు," అంది యస్నా తల తుడుచుకుంటూ. "పోనూ రానూ."

ఒమార్ గస్పార్‌ని ఎత్తుకుని వాడి బొజ్జలో మొహం దాచుకున్నాడు.

జూలైలో కలామాలో అమ్మమ్మ ఇంటిముందు పిల్లలు ఆడుకుంటుండగా, ఎన్నేళ్ళకో ఆకాశం మూసుకొచ్చింది. దుమ్ములో ఒక చుక్క పడింది. ఇంకో రెండు పడ్డాయి. వీధంతా గగ్గోలు. తలుపులు ధడాధడా మూశారు, ఎవరి పిల్లల్ని వాళ్ళు లోపలికి లాక్కున్నారు. నోల్ఫా నెత్తిన తువ్వాలేసుకుని బకెట్టుతో పరుగెత్తుకొచ్చింది. "రఫా! లోపలికి రా! వాన! వాన పడుతోంది!"

ఖాళీ వీధి మధ్యలో రఫా ఒక్కతే నిలబడి ఉంది. చెయ్యి చాపి చుక్కలు లెక్కపెట్టింది. ఆకాశంవంక చూసింది. తర్వాత అమ్మమ్మవంక జాలిగా చూసింది.

"ఇది వాన కాదు, అమ్మమ్మా," అంది. "మా ఊళ్ళో దీన్ని తుంపర అని కూడా అనరు. రా బయటికి, నువ్వేమైనా ఉప్పుబొమ్మవా?"