సాము అన్న ఒక రోజు కోసం తాకేటా నుంచి లమ్మడా దాకా

మా సందులో ఒక రూలుంది. యాంగోన్‌లో పజున్‌డాంగ్ వాగు దాటితే తాకేటా, అక్కడ మా తెలుగు చర్చి వెనకాల సందు. వానాకాలంలో చుట్టూ మోకాలి లోతు నీళ్లు నిలిచినా మా సందుకి ఎత్తుగా సిమెంటు వేశారు కాబట్టి పిల్లలంతా అక్కడే ఆడతారు. ఆ సందులోకి బండి మీద జోరుగా వచ్చినవాళ్లు తమ ఒక రోజు సంపాదన చర్చికి కట్టాలి. ఆ డబ్బుతో ఆదివారం పిల్లలకి భోజనం పెడతారు. సైకా అని పక్కన సీటున్న సైకిల్ రిక్షా ఉంటుంది, అది తొక్కేవాళ్లయితే సైకా మీద వచ్చిన ఒక రోజు డబ్బు. టాక్సీ వాళ్లయితే టాక్సీ డబ్బు. జోరుగా వచ్చారో లేదో చెప్పేది డా రూత్. ఇక్కడ పెద్దావిడల పేరు ముందు డా అంటాం. ఆవిడ అరుగు మీద కూర్చుని చూస్తుంది. కోళ్లు పక్కకి తప్పుకుంటే పరవాలేదు, ఎగిరి గోడెక్కితే మాత్రం కట్టాల్సిందే. ఫిన్లాండ్ అనే దేశంలో కూడా కారు జోరుగా నడిపితే సంపాదనని బట్టి జరిమానా వేస్తారని, అక్కడ పేరున్న ఐస్ హాకీ ఆటగాళ్లకి చాలా ఎక్కువ పడుతుందని ఫోన్లో చూసి ఆవిడకి చూపించాను. "ఆలు మనకాడే నేర్సుకున్నారేటి?" అంది.

పోయిన నెల జోసెఫ్ బావ కట్టాడు. బావ మా అక్క మొగుడు, బ్యాటరీ బండి మీద పార్సిళ్లు వేస్తాడు. కోళ్లు గోడెక్కాయి, బావ మారు మాట్లాడకుండా ఆ రోజు వచ్చిన పాతిక వేల క్యాట్లూ ఇచ్చేశాడు. తర్వాత ఒక ఆదివారం సాము అన్న వచ్చాడు. అన్న మా సందులోనే పుట్టాడు, ఇప్పుడు థాయిలాండ్‌లో పెద్ద క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడతాడు, సెలవుకి వచ్చి లమ్మడాలో కొన్న కొత్త ఫ్లాట్‌లో ఉంటున్నాడు. నాకు తలతో బంతి కొట్టడం నేర్పింది అన్నే. తెల్ల కారు సందులోకి ఎంత జోరుగా వచ్చిందంటే అక్క కూతురు పాపని బావ చెయ్యి పట్టి పక్కకి లాగాడు. కోళ్లన్నీ గోడ మీదే ఉన్నాయి. కానీ అందరూ ఫొటోలు దిగారు, జరిమానా మాట ఎవరూ ఎత్తలేదు. బావ అన్నం తింటూ అన్నాడు, వచ్చే ఆదివారం చర్చిలో నిలబడి నా రోజు నాకిచ్చేయమంటాను, మిగతావాళ్లూ అడుగుతారు అని. అదే జరిగితే రూలు పోయినట్టే. ఆ తర్వాత సందులో ఎవరూ బండి నెమ్మది చెయ్యరు. డా రూత్ శనివారం పొద్దున్నే నన్ను పిలిచి సాము దగ్గర ఒక రోజు తెమ్మంది. నన్నెందుకు అంటే, నేను నోరు విప్పను కాబట్టి గొడవ పడనట.

ఏడు గంటలకి బస్సెక్కాను. మీరు తాకేటా నుంచి ఊళ్లోకి వెళ్లాలంటే బస్సే మేలు. నా దగ్గర నాలుగు వందలు తీసుకున్నారు, ధర మారుతూ ఉంటుంది కాబట్టి ఎక్కేముందు అడగండి. టాక్సీకి పది, పన్నెండు వేలు చెప్తారు. పొద్దున వంతెన మీద బస్సూ టాక్సీ ఒక్కలాగే నిలబడిపోతాయి, కిందనుంచి వాగు బురద వాసన వస్తుంది. నేను డ్రైవర్ వెనకే నిలబడ్డాను. లమ్మడా దాకా వెళ్తే ఎంతసేపు అని అడగడానికి నాకు రెండు స్టాపులు పట్టింది. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, టోకు కొట్ల దగ్గర లారీలు సరుకు దించుతుంటాయి, ముందే లత అనే పేటలో దిగి నడిచేయ్ అని బర్మీస్‌లో చెప్పాడు. మంచి మాట. లతలో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. బంగారం కొట్లు ఇంకా షట్టర్లు ఎత్తలేదు. ఫుట్‌పాత్ మీద ఒకావిడ దగ్గర రెండు వేలకి మొహింగా తిన్నాను. చేపల పులుసులో సేమ్యా లాంటిది వేసి ఇస్తారు, నిమ్మకాయ అడిగితే ఇంకో ముక్క ఇస్తుంది. అక్కడినుంచి పడమటికి పావుగంట నడిస్తే లమ్మడా.

అన్న ఫ్లాట్ కిందే టీకొట్టుంది. వచ్చానని మెసేజ్ పెట్టాను, అరగంటలో దిగుతానన్నాడు. పరాటా కొట్టేవాడు ఎవరి కోసమని అడిగితే చెప్పాను. వాడు నమ్మలేదు. అన్న చెప్పులేసుకుని దిగి, తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి నా నెత్తి మీద మొట్టాక, పరాటా ఒకటి అడక్కుండానే వచ్చింది. అన్నకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేటప్పుడు సగం బర్మీస్ కలుపుతాడు. అమ్మమ్మలందరినీ అడిగాడు, బంతి తన్నడానికి నా ఎడమ కాలు ఇంకా పనికిరానిదేనా అని అడిగాడు. నాకు చాలా సంతోషంగా ఉంది. వచ్చిన పని చెప్పకుండా రెండో టీ కూడా తాగేశాను. చివరికి డా రూత్ పంపిందని అన్నాను. అన్నకి అర్థమైంది. నవ్వి, పైకెళ్లి ఒక కవరు తెచ్చి, కుడి మోచేతి కింద ఎడమ చెయ్యి పెట్టి వినయంగా ఇచ్చాడు.

తప్పు అక్కడే చేశాను. మా దగ్గర అలా వినయంగా ఇచ్చేది దానం. రెండు చేతులతో, తల వంచి పుచ్చుకోవాలి. పుచ్చుకున్నాక ఎంతుందని అడక్కూడదు, చాలదని అనకూడదు. అలవాటు కొద్దీ నేనూ రెండు చేతులతో పుచ్చుకుని తల వంచాను. అంటే అన్న జరిమానా కట్టలేదు, చర్చికి చందా ఇచ్చాడు. అందులో యాభై వేలున్నాయని అన్నే చెప్పాడు. బావ ఇచ్చినదానికి రెండింతలు. కానీ థాయిలాండ్‌లో ఆడేవాడి రోజు యాభై వేలు కాదని నాకు కూడా తెలుసు. కవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోతే అన్నకి నా మీద ప్రేమ అలాగే ఉంటుంది. ఆదివారం బావ లేచి నిలబడతాడు.

కవరు బల్ల మీద పెట్టి, ఫోన్ తీసి, ఎదురుగా కూర్చున్న అన్నకే మెసేజ్ కొట్టాను. ఇది చందా కాదన్నా, జుల్మానా, పోయిన నెల బావ కట్టినట్టే నీ ఒక రోజు కావాలి అని. అన్న ఫోన్ మోగింది. చదివి నా వైపు వింతగా చూశాడు. మీ బావ ఎంతిచ్చాడు అని అడిగితే చేతివేళ్లతో చూపించాను.

"మరేటి? నాను డబలిచ్చాను గదా. అదే సందు, అదే జోరు. నా కాడ డబ్బుందని నా కారు ఎక్కువ జోరుగా ఎల్లిందా?"

అది నాకు న్యాయంగానే అనిపించింది. ఎదురుగా ఉన్న బర్గర్ కొట్టు ముందునుంచి లారీ వెనక్కి వెళ్తోంది, అది పోయేదాకా ఆలోచించాను. మళ్లీ కొట్టాను. బావ కట్టిన రోజు అక్క కూర వండలేదు, ఉప్పూ మిరపకాయా నంజుకుని తిన్నాం, అప్పట్నుంచి బావ సందు మొదట్లోనే బండి దిగి తోసుకొస్తున్నాడు, పాతిక వేలకి బావ ఆగాడు, నువ్వు ఎంతకి ఆగుతావో అంత ఇవ్వాలి అని. అన్న అది రెండుసార్లు చదివాడు. ఫోన్ బోర్లా పెట్టాడు. ముఖం ఎర్రబడింది.

"ఒరే గుంటడా, ఇలగ ఫోన్లో సెప్తే కోపమొత్తంది నాకు. నోటితో సెప్పు."

కొట్టులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్కటే వచ్చింది.

"పాప అక్కడే ఆడతాదన్నా."

అన్న బోర్లా పెట్టిన ఫోన్ తీసి లెక్క వేశాడు. నెల జీతాన్ని ముప్పైతో భాగించాడు, ఆగి, బూట్ల కంపెనీ వాళ్లు ఇచ్చేది కూడా కలిపాడు. వచ్చిన అంకె నాకు చూపించాడు. అది ఇక్కడ రాయను, బావకి ఇరవై రోజుల పని అని మాత్రం చెప్తాను. కవరు వెనక్కి తీసుకుని, అంత నోట్లు చేతిలో లేవని, నాకు ఖాతా లేదు కాబట్టి బావ నంబరుకి ఫోన్లోనే పంపించాడు. రెండు నిమిషాలు కాకముందే బావ నాకు ఫోన్ చేసి, ఎవరో పొరపాటున నాకు డబ్బు పంపేశారు, ఎవరికి తిరిగివ్వాలో తెలీడం లేదు అని కంగారుపడ్డాడు. అది సాము అన్న జరిమానా అని చెప్పాను.

"ఇదంతా ఆడి ఒక్క రోజా?" అన్నాడు బావ.

అన్న నన్ను లతలో బస్సు స్టాపు దగ్గర దింపుతానన్నాడు. నడిచి వస్తే పావుగంట పట్టింది, కారులో ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. వెనక అందరూ హారన్లు కొడుతున్నారు, అన్న పట్టించుకోలేదు. తను బేరమాడానని డా రూత్‌కి చెప్పొద్దని మాత్రం రెండుసార్లు అన్నాడు. చెప్పలేదు.

ఆదివారం అన్న కూడా చర్చికి వచ్చాడు. ప్రార్థన అయ్యాక ఆ నెల జరిమానాలు చదవడం డా రూత్ పని, ఎప్పుడూ ఎంత కట్టారో చదవదు. ఒక సైకా తాత పేరు చదివి ఒక రోజు అంది. తర్వాత సామ్యూల్, ఒక రోజు అంది. అంతే, కళ్లద్దాలు తీసేసింది. బావ లేవలేదు. బల్ల మీద కొంచెం జరిగి, వెనక నిలబడి ఉన్న సాము అన్నని రమ్మని చేత్తో పిలిచాడు. ఆ రోజు పిల్లలకి మాంసం కూర, ఆ తర్వాత చాలా ఆదివారాలకి సరిపడా డబ్బు మిగిలింది. పెద్ద ఆటగాళ్లని మనం ఊరికే ప్రేమిస్తాం, వాళ్ల దగ్గర ఏమీ అడగం. నేను అడిగాను, అన్న ఇచ్చాడు, ఇప్పుడు అన్న అంటే నాకు ఇదివరకటికన్నా ఇష్టం. అడిగితే ఇష్టం పోతుందని అంతసేపు భయపడ్డాను.

మీరు మా చర్చి చూడటానికి టాక్సీలో వస్తే, సందు మలుపుకి ముందే నెమ్మదిగా పొమ్మని డ్రైవర్‌కి చెప్పండి. కోళ్లు గోడెక్కితే పోయేది మీ రోజు కాదు, పాపం ఆయన రోజు.